తొలి వేడి

విశాఖపట్నం నుండి దుర్గ్ వెళ్ళే రైలు విజయనగరం దాటగానే సముద్రానికి వీపు తిప్పి కొండలవైపు సాగుతుంది. బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్: ఈ స్టేషన్ల పేర్లు చిన్నతనంలో నాకు ఎక్కాలకంటె ముందే కంఠస్థమయ్యాయి. మా పెదనాన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. మా వీధినుండే మరి మూడు కుటుంబాలవారు ఆ దారిన వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. వేసవి సెలవులలో వారు ఊరికి రావడమో, మేము అక్కడికి వెళ్ళడమో జరిగేది.

గడచిన డిసెంబరులో, చాలా ఏళ్ళ తరువాత, మళ్ళీ ఆ రైలు ఎక్కాను. కారణం చెబితే పాఠకులకు నవ్వు రావచ్చు. ఎనభై ఏళ్ళు దాటిన మా పెదనాన్న టెలిఫోనులో ఇలా అన్నారు: "మనవడు ఒక ఇంజను కొన్నాడురా. పిడికిట్లో పట్టేటంత ఇంజను. మూడేళ్ళ పండుగ డబ్బులు దాచుకుని కొన్నాడు. పాడైతే మరొకటి కొనే స్తోమత వాడికి లేదు. నా చేతులు వణుకుతున్నాయి. సూది తిప్పడానికి నువ్వు రావాలి."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అయినా నాకు మాత్రం 1978 నాటి ఒక మే మధ్యాహ్నం కళ్ళముందు నిలిచింది. ఆనాడు పెదనాన్న ఇంజనును పాడుచేసినవాణ్ణి నేనే.

దుర్గ్ స్టేషనులో దిగి ఆటోలో జి.ఇ. రోడ్డు మీదుగా వెనక్కు వస్తుంటే, చలిమంచులో ముందుగా కనిపించినవి కర్మాగారపు పొగగొట్టాలు. భిలాయి కథ అందరూ ఎరిగినదే. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల నడుమ ఒడంబడిక కుదిరింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దల్లీ రాజహరా కొండలనుండి ఇనుప ఖనిజం, నందిని గనులనుండి సున్నపురాయి వచ్చాయి. మన రైళ్ళు పరుగెత్తే పట్టాలు ఇక్కడనుండి దేశమంతటికీ వెళ్ళాయి. అప్పుడిది మధ్యప్రదేశ్, 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్.

కొలిమిని చూడవచ్చిన అతిథికి అంత సులభంగా కనిపించనిది, దాని పక్కన వెలసిన ఊరు. సెక్టార్ల వారీగా గీత గీసినట్లున్న వీధులు, రెండు వైపులా పెద్ద చెట్లు, క్వార్టరుకొక చిన్న పెరడు, పెరటిలో జామ, మునగ, కరివేప. ఛత్తీస్‌గఢీ, ఒడియా, బెంగాలీ, మలయాళం, పంజాబీ, తెలుగు ఒకే కుళాయి దగ్గర వినిపించిన ఊరు ఇది. సెక్టార్ 5 లోని బాలాజీ ఆలయానికి వెళితే మన శ్రీకాకుళం యాస, విజయనగరం యాస ఈనాటికీ చెవిన పడతాయి. ఒకరి భాష ఒకరికి తెలియని మనుషులు ఇరుగుపొరుగై, ఒకే షిఫ్టులో కలిసి పనిచేయడానికి కొంతకాలం పట్టిందని పెదనాన్న చెప్పేవారు. "మొదట్లో రాపిడి ఉండేది. తరువాత నునుపెక్కింది" అనేవారు. అది యంత్రాల భాష అని నాకు తరువాతగాని తెలియలేదు.

యంత్రాలతో పరిచయమున్నవారు ఈ నునుపెక్కే కాలాన్ని రన్నింగ్-ఇన్ అంటారు. ఒకప్పుడు కొత్త స్కూటరు కొన్నవారు మొదటి వెయ్యి కిలోమీటర్లూ వేగం పెంచకుండా నడిపేవారు. కొత్త లారీల వెనుక ఆ మాట రాసి, దాటి వెళ్ళమని కోరేవారు. అద్దంలా మెరిసే సిలిండరు లోపలి భాగంలో కూడా కంటికి కనిపించని మెట్టపల్లాలు ఉంటాయి. రెండు లోహాలు మొదటిసారి ఒరుసుకున్నప్పుడు ఆ మిట్టలు అరిగి ఒకదానికొకటి ఒదగాలి. నెమ్మదిగా జరిగితే అది ఒదుగు. తొందరపడితే గీత, ఆపైన పట్టివేత. కోడెను కాడికి అలవాటు చేసే రైతు మొదటి రోజునే దానిచేత బరువు లాగించడు. ఇదీ అంతే.

చిన్న విమానాల నమూనాలను ఎగురవేసే ఇంజన్లలో ఈ తొలి ఘడియల ప్రాముఖ్యం మరీ ఎక్కువ. స్కూటరుకు వెయ్యి కిలోమీటర్ల గడువు ఉంటే, దీనికి అరగంట మాత్రమే. ఆ అరగంటలో దాని ఆయుష్షు నిర్ణయమైపోతుంది.

1978లో పెదనాన్న దగ్గరున్నది రెండున్నర సి.సి. ఇంజను. విదేశానికి వెళ్ళివచ్చిన సహోద్యోగి ఒకరు తెచ్చి ఇచ్చారు. ఉక్కు సిలిండరులో పోత ఇనుప పిస్టను. పెదనాన్న కోక్ అవెన్స్ విభాగంలో షిఫ్టు ముగించుకుని వచ్చి, సాయంకాలం దానిని ఒక చెక్కకు బిగించి, రెండేసి నిమిషాలు నడిపి ఆపేసేవారు. చల్లారేదాకా కూర్చుని, మళ్ళీ రెండు నిమిషాలు. పదమూడేళ్ళ నాకు ఆ తతంగం ఓర్వరానిదిగా ఉండేది. అది నీరసంగా గుర్రుమంటూ, నల్లని నూనె కక్కుతూ తిరిగేది. దానిచేత కేక పెట్టించాలని నా కోరిక.

ఒక రోజు ఆయనకు మధ్యాహ్నం షిఫ్టు పడింది. "నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోకు" అని చెప్పి వెళ్ళారు. నేను పక్క క్వార్టర్ల పిల్లలను పిలిచి, ఎండలో ఇంజను నడిపి, ఇంధనాన్ని అదుపుచేసే సూదిని లోపలికి తిప్పుతూ పోయాను. కేక వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పదిహేను క్షణాల తరువాత ఆ కేక సన్నని కీచుధ్వనిగా మారి, ఇంజను ఒక్కసారిగా ఆగిపోయింది. మళ్ళీ చేతితో తిప్పితే పిస్టను కదలలేదు. రాత్రి పెదనాన్న వచ్చి, దానిని కిరసనాయిలులో నానబెట్టి, విప్పి చూశారు. పిస్టను ఒంటినిండా నిలువు గీతలు. ఒక్క మాట కూడా అనలేదు. గుడ్డలో చుట్టి రేకు డబ్బాలో పెట్టేశారు. ఆ మౌనాన్ని నేను ఇన్నేళ్ళూ మోశాను.

ఇప్పుడు మనవడి ఇంజను బల్లమీద ఉంది. సుమారు నాలుగు సి.సి., తొమ్మిది అంగుళాల ప్రొపెల్లరు. పదిహేనేళ్ళ ఆ కుర్రవాడు ఉదయం ఆరు గంటలకే చెప్పులు తొడుక్కుని సిద్ధంగా నిలబడ్డాడు. "బాబాయ్, పదండి, మైదానం ఖాళీగా ఉంటుంది" అన్నాడు.

"ఎండ రానీ" అన్నారు పెదనాన్న.

"ఎందుకు తాతయ్యా?"

నేను ఆశ్చర్యపోయే విధంగా, ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ ప్రశ్నకు పూర్తిగా జవాబు చెప్పారు. ఇంజనును కుర్రవాడి చేతికిచ్చి ప్రొపెల్లరును నెమ్మదిగా తిప్పమన్నారు. పిస్టను పైకి వచ్చేసరికి అది బిగుసుకుపోయి, కిర్రుమన్నది. "పాడయిందా?" అని వాడు భయపడ్డాడు. కాదన్నారు ఆయన. ఈ రకాన్ని ఏ.బి.సి. అంటారు. పిస్టను సిలికాన్ కలిపిన అల్యూమినియంతోను, సిలిండరు గొట్టం ఇత్తడితోను చేస్తారు. గొట్టం లోపల క్రోమియం పూత ఉంటుంది. గొట్టాన్ని కావాలనే పైభాగంలో వెంట్రుకవాసి ఇరుకుగా చేస్తారు. ఇంధనం మండేది పైన కనుక వేడి అక్కడే ఎక్కువ. వేడెక్కినప్పుడు ఇత్తడి అల్యూమినియం పిస్టనుకంటె ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఇరుకు తీరి గొట్టం సమానమవుతుంది. అంటే ఈ ఇంజను చల్లగా ఉన్నప్పుడు తన అసలు రూపంలో ఉండదు. వేడెక్కిన తరువాతనే దాని కొలతలు సరిపోతాయి.

"ఇప్పుడు బయట పన్నెండు డిగ్రీలు. ఈ చలిలో బలవంతంగా తిప్పితే, వేడెక్కకముందే పిస్టను అంచు అరుగుతుంది. తరువాత వేడెక్కాక వదులైపోతుంది. అందుకని ముందు ఎండ" అని ముగించారు.

ఎనిమిదిన్నరకు ఎండ గోడమీదికి వచ్చింది. ఇంజనును నల్లగుడ్డమీద పెట్టి ఎండకు ఉంచారు. లోపలినుండి పెద్దమ్మ కాఫీ తెచ్చి, ఆ దృశ్యం చూసి నవ్వింది. "మా రాచ్చిప్పకు చేసినట్టే చేస్తున్నారు" అన్నది. నిజమే. కొత్త రాతిచిప్పను తిన్నగా పొయ్యి మీద పెడితే పగిలిపోతుంది. దానికి ఆముదం, పసుపు పట్టించి, కొన్నాళ్ళు ఊరనిచ్చి, సన్నని సెగమీద కొద్దికొద్దిగా వేడికి అలవాటు చేస్తారు. అలా చేసిన రాచ్చిప్ప కొన్ని తరాలు పులుసు కాస్తుంది. పెద్దమ్మ అత్తగారి రాచ్చిప్ప ఇప్పటికీ ఆ వంటింట్లో ఉంది.

ఎండలో కూర్చున్నప్పుడే పెదనాన్న తన ఉద్యోగంలోని ఒక ఘట్టం చెప్పారు. బొగ్గును గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చి కోక్ తయారుచేసే గదుల వరుసను కోక్ అవెన్ బ్యాటరీ అంటారు. దాని గోడలు సిలికా ఇటుకలతో కడతారు. ఈ ఇటుక స్వభావం విచిత్రం. మండే కొలిమిలో దశాబ్దాలు చెక్కుచెదరకుండా నిలుస్తుంది. కాని దాని వ్యాకోచంలో ఎక్కువ భాగం తొలి కొద్ది వందల డిగ్రీలలోనే జరిగిపోతుంది. అందువల్ల కొత్త బ్యాటరీని మొదటిసారి వేడిచేసేటప్పుడు రోజుకు కొద్ది డిగ్రీల చొప్పున మాత్రమే పెంచుతారు. అలా రెండు మూడు నెలలు పడుతుంది. రాత్రింబగళ్ళు మనుషులు గోడల పెరుగుదలను కొలుస్తూ, వాటిని పట్టి ఉంచే ఉక్కు కడ్డీల బిగువును సరిచేస్తూ ఉంటారు. ఒకసారి వేడెక్కిన తరువాత ఆ బ్యాటరీ జీవితాంతం దానిని చల్లారనివ్వరు.

"కర్మాగారం విస్తరించే రోజుల్లో అలాంటి ఒక వేడిలో నేనూ ఉన్నాను. రోజంతా చేసిన పని ఏమిటయ్యా అంటే, థర్మామీటరు చూసి, తొందరపడకుండా ఉండటం. అంత కష్టమైన పని నేను మరొకటి చెయ్యలేదు" అన్నారు.

2018లో మహామాయ అనే పేరుగల ఎనిమిదవ బ్లాస్ట్ ఫర్నేసును ఇక్కడ రగిలించారు. దాని లోపలి ఘనపరిమాణం 4,060 ఘనపు మీటర్లు. మా ముందు గోడమీద ఎండ కాచుకుంటున్నది నాలుగు ఘనపు సెంటీమీటర్లది. కొలతలో పోలిక లేదు. తొలి వేడి విషయంలో మాత్రం రెండింటి ధర్మం ఒకటే.

మైదానానికి వెళ్ళేముందు ఇంధనం డబ్బా చూపించారు. అందులో ముఖ్యభాగం మెథనాల్. అయిదోవంతుకు దగ్గరగా నూనె. పది శాతం నైట్రోమీథేన్. పెట్రోలు ఒక పాలు మండటానికి బరువులో దాదాపు 15 పాళ్ళ గాలి కావాలి. మెథనాలుకు ఆరున్నర చాలు. నైట్రోమీథేనుకు ఒకటి ముప్పాతిక కూడా అక్కరలేదు, ఎందుకంటే దాని అణువులోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది. అంటే అదే గుక్కెడు గాలితో ఎక్కువ ఇంధనాన్ని మండించి ఎక్కువ శక్తిని రాబట్టవచ్చు. ఈ చిన్న ఇంజన్లకు నైట్రో ఇంజన్లనే పేరు రావడానికి కారణం అదే.

వీటికి స్కూటరులో వలె నిప్పురవ్వను పుట్టించే ఏర్పాటు ఉండదు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అనే ఆయన అమ్మకానికి తెచ్చిన గ్లో ప్లగ్ ఈ ఇంజన్ల చరిత్రనే మార్చింది. ప్లగ్గులో ప్లాటినం తీగచుట్ట ఉంటుంది. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దానిని ఎర్రగా కాల్చి ఇంజనును మొదలుపెడతారు. తరువాత బ్యాటరీ తీసివేసినా అది ఆరిపోదు. మెథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు జరిగే రసాయన చర్య, పిస్టను నొక్కిడివల్ల పుట్టే వేడి, మంట వేడి, ఈ మూడూ కలిసి దానిని మండుతూనే ఉంచుతాయి.

ఇక నూనె. అందులో సగం మన ఆముదమే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విమానాల రోటరీ ఇంజన్లకు కూడా ఆముదమే పోసేవారు, ఎందుకంటే అది పెట్రోలులో సులభంగా కరగదు. మెథనాలులో మాత్రం చక్కగా కలిసిపోతుంది. వేడి హద్దు మీరినప్పుడు కూడా లోహాన్ని వదలకుండా అంటిపెట్టుకుని ఉండటం దాని సుగుణం. పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో పండే పంట, అమ్మమ్మల దీపపు సెమ్మెలో వెలిగిన నూనె, నిమిషానికి పదివేల చుట్లు తిరిగే యంత్రాన్ని కాపాడుతున్నది. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని మనం తేలికగా అంటాము. ఇక్కడ మహావృక్షాల నడుమ కూడా దానికి తన స్థానం ఉంది.

పెదనాన్న మనవడికి మూడు హెచ్చరికలు చేశారు. మెథనాల్ విషం, కొద్దిగా లోపలికి వెళ్ళినా చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు, కనుక తడి గోనెపట్టా దగ్గర ఉండాలి. తిరిగే ప్రొపెల్లరుకు సూటిగా పక్కన ఎవరూ నిలబడకూడదు. సూదిని వెనుకనుండే తిప్పాలి.

తొమ్మిదిన్నరకు మైదానంలో బల్ల బిగించాము. ఇంజను వెచ్చగా ఉంది. కుర్రవాడు రక్షణ అద్దాలు పెట్టుకుని, కర్రతో ప్రొపెల్లరును ఒడుపుగా కొట్టాడు. నాలుగవ దెబ్బకు అంటుకుంది. తెల్లని పొగ, ఆముదపు వాసన. బ్యాటరీ తీసివేసి, సూదిమీద వేలు పెట్టాను.

వేలు పెట్టగానే పాత భయం మేల్కొన్నది. సూదిని బయటికి తిప్పాను. ఇంధనం ఎక్కువైంది, ఇంజను గుర్రుమంటూ, నూనె కక్కుతూ, బరువుగా తిరిగింది. ఇంకా తిప్పాను. ఇలా ఉంటే ప్రమాదం లేదని నా ధీమా. ఒక నిమిషం గడిచింది. పెదనాన్న చెయ్యి ఎత్తి ఆపమన్నారు.

"ఎందుకలా ముంచేస్తున్నావు?"

"వేడెక్కకుండా ఉండాలని" అన్నాను.

"అది నా పాత ఇంజనుకు మందు. ఇనుము మీద ఉక్కు కనుక దానికి చలవ కావాలి. దీనికి వేడి కావాలి. నువ్వు అప్పుడు అతివేడితో చెరిపావు, ఇప్పుడు అతిచలవతో చెరుపుతావు" అన్నారు. కంఠంలో కోపం లేదు. కాని యాభై ఏళ్ళ నాటి సంగతి ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి.

తరువాత పద్ధతి చెప్పారు. రెండవసారి మొదలుపెట్టి, పది క్షణాలు ఇంధనం ఎక్కువగా ఇవ్వాలి. ఆ తరువాత సూదిని కొద్దిగా మూసి, ధ్వని హెచ్చేదాకా తెచ్చి, పది క్షణాలు అక్కడ ఉంచాలి. మళ్ళీ తెరవాలి. వేడెక్కుతుంది, చల్లబడుతుంది; మళ్ళీ వేడెక్కుతుంది. క్రమంగా వేడిగా ఉండే వ్యవధిని పెంచుతూ పోవాలి.

సరైన చోటు ఎక్కడ అన్నది చెవి చెబుతుంది. ఇంధనం మితిమీరినప్పుడు ప్రతి చుట్టులోనూ మంట పుట్టదు, చుట్టు విడిచి చుట్టు పుడుతుంది. అందువల్ల ధ్వని ఒక స్థాయి కిందికి దిగి మంద్రంగా వినిపిస్తుంది. సూది మూస్తూ పోతే ఒక క్షణంలో ప్రతి చుట్టూ మండటం మొదలై, ధ్వని పై స్థాయికి ఎగురుతుంది. సంగీతం తెలిసినవారికి ఆ మార్పు పట్టుకోవడం కష్టం కాదు. పై స్థాయి అందిన తరువాత ఇంకా మూస్తే వేగం మరికొంత పెరుగుతుంది. 1978లో నన్ను మోసగించినది ఆ కొంతే. అక్కడ ఇంధనంతోపాటు నూనె కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. కేక వినిపించేటప్పటికే లోపల నాశనం మొదలై ఉంటుంది.

మూడవసారికి నా వేలు కుదుటపడింది. నాలుగవసారి సూదిని కుర్రవాడికి అప్పగించాను. వాడి చెవి నా చెవికంటె చురుకైనది. మంద్రం, తారం, మంద్రం, తారం అంటూ మైదానమంతా ఆ రెండు స్వరాలే నిండాయి. దారినపోయే ఒక విశ్రాంత ఉద్యోగి సైకిలు ఆపి, చాలాసేపు విని, "అబ్ ఠీక్ బోల్ రహా హై" అని సాగిపోయాడు. ఇప్పుడు సరిగ్గా పలుకుతున్నది, అని.

ప్రతిసారీ ఆపిన వెంటనే పెదనాన్న ఒక పని తప్పనిసరిగా చేయించారు. ప్రొపెల్లరును తిప్పి పిస్టనును అడుగుకు దించాలి. వేడిగా ఉన్నప్పుడు పిస్టను పైన నిలిచిపోతే, చల్లారుతూ ముడుచుకునే ఇత్తడి దానిని బిగించి పట్టేస్తుంది. రెండు ట్యాంకులు పూర్తి అయ్యేసరికి పన్నెండయింది. చేతితో తిప్పితే పైన బిగువు ఇంకా ఉంది. కాని ఉదయపు కిర్రు లేదు.

చివర మిగిలిన ఇంధనాన్ని పూర్తిగా మండనిచ్చి, కార్బురేటరులో కొన్ని చుక్కల నూనె వేసి తిప్పించారు. మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నైట్రోమీథేన్ మండగా మిగిలినవి తుప్పును పెంచుతాయి. ఆడించి అలాగే వదిలేసిన ఇంజను బేరింగులు పాడవుతాయి. "పని చేయించుకున్నాక పలకరించకుండా వెళ్ళకూడదు" అన్నారు నవ్వుతూ.

ఇంటికి వచ్చి భోజనాలయ్యాక కుర్రవాడు అడిగాడు: "ఈ సూది గుర్తు పెట్టుకుంటే వేసవిలో కూడా ఇదేనా?" కాదన్నారు. భిలాయిలో మే నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండ కాస్తుంది. డిసెంబరు ఉదయపు గాలి దానికంటె పది శాతానికి పైగా చిక్కన. గాలి చిక్కనైతే ఇంధనమూ ఎక్కువ కావాలి. వేసవిలో సరిపోయిన సూదితో చలికాలంలో నడిపితే ఇంధనం చాలక ఇంజను మాడుతుంది. కనుక ప్రతి ఋతువులోనూ మళ్ళీ చెవి ఒగ్గి వినవలసిందే. ఇంకా పది ఎగురవేతల దాకా ఇంధనం ఒక పిసరు ఎక్కువగానే ఉంచాలి. రన్నింగ్-ఇన్ బల్లమీద పూర్తికాదు, గాలిలో పూర్తి అవుతుంది.

ఆయన ఒక పాత అట్టల నోటుపుస్తకం తీసి మనవడికి ఇచ్చి, ఈ రోజు వివరాలు రాయమన్నారు. తేదీ, చలి, ఇంధనం పాళ్ళు, సూది ఎన్ని చుట్లు, ఎంతసేపు. వాడు రాస్తుండగా నేను వెనుక పేజీలు తిప్పాను. పెదనాన్న ముత్యాల వంటి దస్తూరి. 1978 మే పేజీ దగ్గర ఆగాను. రెండేసి నిమిషాల పరుగులు వరుసగా నమోదై ఉన్నాయి, పదకొండు. పన్నెండవ వరుసలో అంకెలు లేవు. ఇలా ఉంది: "పిస్టను పట్టివేసింది. పిల్లవాడికి వద్దని చెప్పాను. ఎందుకు వద్దో చెప్పలేదు. తప్పు నాది."

నేను తల ఎత్తాను. పెదనాన్న కిటికీలోంచి మునగచెట్టు వైపు చూస్తున్నారు. ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు. ఆయన ఆనాడు మౌనంగా ఉన్నది నామీద కోపంతో కాదని తెలియడానికి నాకు ఇంతకాలం పట్టింది. ఉదయంనుండి కుర్రవాడి ప్రతి "ఎందుకు"కీ ఆయన ఓపికగా జవాబు చెప్పడం ఎక్కడనుండి వచ్చిందో అప్పుడు అర్థమయింది.

మూడవ రోజు ఉదయం మళ్ళీ ఎండ వచ్చేదాకా ఆగి, ఇంజనును విమానానికి బిగించి, మైదానంలో ఎగురవేశాము. కుర్రవాడు రెండు తీగల పిడి పట్టుకుని మధ్యలో నిలబడి తిరుగుతుంటే, అది వాడి చుట్టూ వలయాలు చుట్టింది. ధ్వని మంద్రానికీ తారానికీ నడుమ ఊగుతూ, ఇంకా పూర్తిగా విప్పని గొంతుతో పలికింది. పెదనాన్న కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని విన్నారు. ట్యాంకు అయిపోయి విమానం దిగగానే ఎవరూ చెప్పకుండానే కుర్రవాడు పరుగెత్తి, ప్రొపెల్లరును తిప్పి, పిస్టనును అడుగుకు దించాడు.

ఆ రాత్రి నా రైలు. వీడ్కోలు చెప్పేటప్పుడు పెదనాన్న, "ఇంకా తొమ్మిది ఎగురవేతలు మిగిలాయి. మళ్ళీ మే నెలలో రా. సూది సరిచెయ్యాలి" అన్నారు.

వస్తానన్నాను. రైలు కదిలాక కిటికీలోంచి చూస్తే చీకటిలో కర్మాగారంపైన ఆకాశం ఎర్రగా ఉంది. నా చేతివేళ్ళకు ఆముదపు వాసన ఇంకా వదలలేదు. రాయపూర్ దాటేదాకా కడుక్కోవాలనిపించలేదు.